నెలలు నిండాక బిడ్డ కదలికలు తగ్గుతాయా?

“ఎనిమిదో నెల దాటింది కదా, లోపల చోటు చాలక తిరగడం తగ్గించి ఉంటుందిలే.” ఇవాళ బిడ్డ సరిగా కదలడం లేదని గర్భిణి అనగానే ఇంట్లో ఎవరో ఒకరు ఇచ్చే సమాధానం ఇది. ఆమె కంగారు పడకూడదన్న ప్రేమతోనే అంటారు. ఆ ఓదార్పుతోనే సాయంత్రం వెళ్లాల్సిన ఆసుపత్రికి మర్నాడు మధ్యాహ్నం వెళ్తారు.

చోటు తగ్గుతుందన్నది నిజమే. ఉమ్మనీరు 34 వారాల ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా, సుమారు 800 మిల్లీలీటర్ల దాకా ఉండి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుంది. బిడ్డ పెరుగుతుంది, తల కిందికి దిగుతుంది. ఆరో నెలలో వేసిన పిల్లిమొగ్గలు ఇక వేయలేదు. గట్టిగా తన్నడానికి బదులు ఒత్తడం, పొర్లడం, పక్కటెముకల కింద పాదం మోపి నెట్టడం, పొత్తికడుపు దగ్గర తల తిప్పడం ఎక్కువవుతాయి. అంటే మారేది కదలిక తీరు. రోజులో ఎన్నిసార్లు కదులుతుందన్నది 32 వారాల వరకు పెరుగుతూ వచ్చి, అక్కడి నుంచి దాదాపు అదే స్థాయిలో కాన్పు దాకా నిలబడుతుంది. నొప్పులు మొదలయ్యాక కూడా బిడ్డ కదులుతూనే ఉంటుంది. కాబట్టి ‘నొప్పులొచ్చే ముందు బిడ్డ నెమ్మదిస్తుంది’ అన్న మాటను కూడా పక్కన పెట్టేయాలి.

ఏది కదలిక, ఏది కాదు

మొదటి కాన్పు అయితే 18 నుంచి 20 వారాల మధ్య కదలికలు తెలియడం మొదలవుతుంది. ఇంతకుముందు కన్నవాళ్లు 16 వారాలకే గుర్తుపడతారు. 24 వారాలు నిండినా ఏమీ తెలియకపోతే డాక్టరుకు చెప్పి తీరాలి. 28 వారాలు, అంటే ఏడో నెల మధ్యకు వచ్చేసరికి, ప్రతి బిడ్డకూ తనదైన ఒక క్రమం ఏర్పడుతుంది. ఒక బిడ్డ రాత్రి అన్నాలయ్యాక అరగంట ఆగకుండా ఆడుతుంది. ఇంకో బిడ్డ తెల్లవారుజామున లేపేస్తుంది. గుర్తుపెట్టుకోవాల్సింది పక్కింటి ఆవిడ బిడ్డ క్రమం కాదు, మొదటి కాన్పులో పుట్టిన బిడ్డ క్రమమూ కాదు. ఇప్పుడు కడుపులో ఉన్న బిడ్డది.

తన్నడం, పొర్లడం, నెట్టడం, సన్నగా అదిరినట్టు ఉండటం అన్నీ కదలికలే. వెక్కిళ్లు మాత్రం లెక్కలోకి రావు. గడియారం ముల్లులా ఒకే వరసలో టక్ టక్‌మంటూ కొన్ని నిమిషాలు సాగేవి వెక్కిళ్లు. వాటివల్ల ప్రమాదం లేదు. కడుపు మొత్తం రాయిలా గట్టిపడి వదలడం గర్భసంచి చేసే పని, బిడ్డది కాదు.

చాలామంది పొరబడేది ఇంకొకటి ఉంది. మంచం మీద అటు నుంచి ఇటు తిరిగినప్పుడు లోపల ఏదో బరువుగా జారి తగిలినట్టు అనిపిస్తుంది. నీళ్ల బిందెలో వేసిన కొబ్బరికాయ బిందెను వంచితే కదిలినట్టే ఇదీ. బిడ్డ తనంతట తాను కదలకపోయినా ఇలా తెలుస్తుంది. ‘పక్కకు తిరిగితే కదిలింది’ అని ఎవరైనా చెబితే, మీరు కదలకుండా పడుకున్నప్పుడు కదిలిందా అన్నదే తర్వాతి ప్రశ్న.

కడుపులో బిడ్డ నిద్రపోతుంది. ఒక్కో నిద్ర సాధారణంగా 20 నుంచి 40 నిమిషాలు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు 90 నిమిషాలు దాటడం అరుదు. అందుకే గంటసేపు నిశ్శబ్దంగా ఉంటే భయపడనక్కర్లేదు. పగలంతా నిశ్శబ్దమైతే మాత్రం ‘నిద్రపోతోందిలే’ అనుకోవడానికి వీల్లేదు. మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో కదలికలు ఎక్కువ. పడుకున్నప్పుడు బాగా తెలుస్తాయి, కూర్చుంటే కొంత తగ్గుతాయి, నిలబడి పనిలో ఉంటే సగం పట్టవు. పెళ్లింట్లో రోజంతా తిరిగి వచ్చినావిడకు ‘ఇవాళ కదల్లేదే’ అన్న అనుమానం రావడం సహజం. అలాంటి అనుమానం తీరే మార్గం కింద ఉంది.

మాయ (ప్లాసెంటా) గర్భసంచికి ముందువైపు ఉంటే అది దిండులా అడ్డుపడి 28 వారాల లోపు కదలికలు మందంగా తెలియవచ్చు. స్కాన్ రిపోర్టులో ‘ఆంటీరియర్’ అని రాసి ఉండేది దీని గురించే. 28 దాటాక దాన్ని కారణంగా చూపి ఊరుకోకూడదు. పైగా ముందువైపు మాయ ఉన్నా మీకు అలవాటైన క్రమం ఒకటి ఉంటుంది కదా. నిన్నటితో పోల్చి ఇవాళ తగ్గితే, నిన్న కూడా మాయ అక్కడే ఉంది.

పది కదలికల లెక్క ఎక్కడిది?

కదలికలు లెక్కపెట్టుకోమనేటప్పుడు చెప్పే ‘పది’ అన్న సంఖ్య 1976లో బ్రిటన్‌లోని కార్డిఫ్ నుంచి వచ్చింది. పియర్సన్, వీవర్ అనే ఇద్దరు వైద్యులు 12 గంటల్లో పది కదలికలు కనీసం ఉండాలన్న చార్టు తెచ్చారు. తర్వాత 1989లో అమెరికాలో మూర్, పియాక్వాడియో దాన్ని రెండు గంటల్లో పదిగా కుదించారు. పక్కకు పడుకుని ధ్యాస పెట్టి లెక్కిస్తే చాలామందికి పది రావడానికి సగటున 20 నిమిషాలే పడుతోందని వాళ్లు గమనించారు. మన దగ్గర డాక్టర్లు, నర్సులు ఎక్కువగా నేర్పేది ఇంకో పద్ధతి: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఒక్కో గంట చొప్పున లెక్కపెట్టి, మూడింటినీ కూడి నాలుగుతో గుణించడం. అది 12 గంటల లెక్క. పది కంటే తగ్గినా, ఏ గంటలోనైనా మూడు కంటే తక్కువ వచ్చినా చూపించుకోమంటారు.

ఇన్ని లెక్కలు ఉన్నాయంటేనే ఏ ఒక్కటీ పూర్తిగా నిలవలేదని అర్థం. 1989లో 68,000 మంది గర్భిణుల మీద జరిగిన పెద్ద పరీక్షలో రోజూ చార్టు నింపిన వాళ్లలో బిడ్డ మరణాలు తగ్గలేదు. 2018లో బ్రిటన్, ఐర్లండ్‌లలో నాలుగు లక్షలకు పైగా కాన్పులతో జరిగిన అఫర్మ్ అనే పరిశోధన గర్భిణులకు కదలికలపై అవగాహన కల్పించి, ఆసుపత్రుల్లో పరీక్షలకు ఒకే పద్ధతి పెట్టి చూసింది. అక్కడా మృతశిశు జననాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. నొప్పులు తెప్పించడం, సిజేరియన్లు మాత్రం పెరిగాయి. కదలికలు పట్టించుకోనక్కర్లేదని దీని అర్థం కాదు. చార్టు మీద అంకె పడితేనో, కరపత్రం చేతిలో పెడితేనో బిడ్డ దక్కుతుందనుకోవడం అమాయకత్వం అని అర్థం. అనుమానాన్ని ఎంత త్వరగా చెప్పారు, చెప్పాక ఎదుటివాళ్లు ఏం చేశారు అన్నవి కూడా అంతే ముఖ్యం.

అంకెతో ఇంకో చిక్కు. రోజూ రాత్రి భోజనం తర్వాత పావుగంటలో పది కదలికలు ఇచ్చే బిడ్డ ఇవాళ అదే పదికి గంటా యాభై నిమిషాలు తీసుకుందనుకోండి. రెండు గంటల నియమం ప్రకారం బిడ్డ పాసైంది. కానీ ఆ తల్లికి తెలుసు, ఇది తన బిడ్డ తీరు కాదని. ఇక్కడ తల్లి మాటకే విలువ ఇవ్వాలి. అంకెలో పెట్టి చెప్పలేకపోయినా ‘ఏదో తేడాగా ఉంది’ అన్నది వైద్యపరంగా పూర్తి ఫిర్యాదే. బలం తగ్గడం కూడా ఆ తేడాల్లో ఒకటి.

మరి చార్టు వేయాలా? వేస్తే తప్పు లేదు. రోజుకు ఒకసారి, బిడ్డ చురుగ్గా ఉండే వేళ, పదికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుంటే చాలు. వారం రోజుల్లో మీ బిడ్డ సగటు తెలుస్తుంది. లెక్కపెట్టడంతోనే గుబులు పెరుగుతుంటే మానేసి, క్రమాన్ని మాత్రం గమనించండి. కవలలైతే ఏ తన్ను ఎవరిదో విడదీయడం కష్టం; ఎలాగూ వాళ్లకు స్కాన్‌లు ముందే ఎక్కువ పెడతారు.

అనుమానం వస్తే ఆ రెండు గంటలు

28 వారాలు దాటినవాళ్లు ‘తగ్గిందా, నేనే గమనించలేదా’ అన్న సందేహంలో ఉంటే: పని ఆపి, ఫోను పక్కన పెట్టి, ఎడమవైపు తిరిగి పడుకోవాలి. చేయి కడుపు మీద వేసుకుని లెక్కపెట్టాలి. రెండు గంటల్లో విడివిడిగా పది కదలికలు రాకపోతే వెంటనే బయలుదేరాలి. ఈ రెండు గంటలు సందేహం ఉన్నవాళ్లకు మాత్రమే. ఉదయం నుంచి అసలు కదలికే లేదని, బాగా తగ్గిందని స్పష్టంగా తెలిసినవాళ్లు పడుకుని లెక్కపెట్టనక్కర్లేదు. 24 నుంచి 28 వారాల మధ్య ఉన్నవాళ్లు కూడా లెక్కలతో పనిలేకుండా వెళ్లి గుండె చప్పుడు వినిపించుకోవాలి.

చల్లటి నీళ్లు తాగితే, స్వీటు తింటే, జ్యూసు తాగితే కదులుతుందని చెబుతారు. ఆకలిగా ఉంటే తినండి, దాహమైతే తాగండి. అంతకు మించి వాటికి పరీక్ష విలువ లేదు. తిన్నాక ఒకటి రెండు కదలికలు వచ్చాయని ఇంట్లో ఉండిపోవడమే అసలు ముప్పు. కడుపును అటూ ఇటూ కుదపడం వల్ల వచ్చేది ఇందాక చెప్పిన కొబ్బరికాయ కదలికే.

బిడ్డ గుండె చప్పుడు వినడానికని ఆన్‌లైన్‌లో కొనే చేతి డాప్లర్లు ఇంకా మోసం చేస్తాయి. మాయలోని రక్తప్రవాహాన్నో, తల్లి నాడినో బిడ్డ గుండె అనుకోవడం చాలా తేలిక. నిజంగా బిడ్డ గుండే వినిపించినా, అప్పటికి కొట్టుకుంటోందని మాత్రమే తెలుస్తుంది, బాగుందని కాదు. ఇబ్బందిలో ఉన్న బిడ్డ గుండె కూడా చివరి దాకా కొట్టుకుంటుంది. ఫోన్ యాప్‌లకు ఆ మాత్రం విలువ కూడా లేదు.

గ్రహణం వేళ కదలకుండా పడుకోబెట్టడం, అమావాస్య వెళ్లాక చూద్దామనడం మనకు తెలిసిన సంగతులే. నమ్మకాల జోలికి వెళ్లనక్కర్లేదు. కదలిక తగ్గిందంటే గ్రహణం విడిచే దాకా ఆగే వ్యవహారం కాదని పెద్దవాళ్లకు ముందే, ఏడో నెలలోనే చెప్పి ఉంచితే ఆ రోజు వాదన ఉండదు.

లోపల ఏం జరుగుతుంది?

బిడ్డకు ఆక్సిజన్ అందించేది మాయ. బీపీ పెరగడం వల్లనో, మాయ సరిగా ఎదగకపోవడం వల్లనో సరఫరా తగ్గితే బిడ్డ శరీరం పొదుపు మొదలుపెడుతుంది. రక్తాన్ని మెదడుకు, గుండెకు, అడ్రినల్ గ్రంథులకు మళ్లించి, కాళ్లూ చేతుల ఖర్చు తగ్గిస్తుంది. మూత్రపిండాలకు రక్తం తగ్గేసరికి మూత్రం తగ్గుతుంది. చివరి నెలల్లో ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమే కనుక నీరూ తగ్గుతుంది. కదలికలు, నీరు, ఎదుగుదల మూడూ కలిసి తగ్గడం వెనుక ఉన్న కథ ఇదే.

ఈ పొదుపులో ఒక వరస ఉంది. ఆక్సిజన్ మెల్లగా తగ్గుతున్నప్పుడు ముందు గుండె వేగంలో ఉండే సహజమైన ఎగుడుదిగుళ్లు పోతాయి, ఊపిరి ఆడించే కదలికలు ఆగుతాయి. ఆ తర్వాత ఒంటి కదలికలు తగ్గుతాయి. చివర్లో కండరాల బిగువు పోతుంది. తల్లికి తెలిసేది మధ్య మెట్టు మాత్రమే. మొదటి మెట్టు ఆమెకు తెలియకుండానే దాటిపోయి ఉండొచ్చు. ‘రేపటి దాకా చూద్దాం’ అనడానికి అందుకే వీల్లేదు.

ఇది చదివి గుండె జారిపోనక్కర్లేదు. ఒక్కసారి కదలికలు తగ్గాయని వచ్చిన ప్రతి పదిమందిలో ఏడుగురికి ఏ ఇబ్బందీ లేకుండా కాన్పు జరుగుతుంది. కానీ మృతశిశువును కన్న తల్లుల్లో సగానికి పైగా ముందుగా కదలికలు తగ్గడాన్ని గమనించినట్టు చెప్పారు. ఈ రెండు మాటలనూ కలిపే చదవాలి. మీరు ఆ ఏడుగురిలో ఉన్నారా, ముగ్గురిలోనా అన్నది ఇంట్లో కూర్చుంటే తేలదు.

బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, ఎదుగుదల తక్కువ అని స్కాన్‌లో చెప్పించుకున్నవాళ్లు, గతంలో కడుపులో బిడ్డను కోల్పోయినవాళ్లు, గడువు తేదీ దాటినవాళ్లు రెండు గంటల పరీక్ష కూడా లేకుండా నేరుగా వెళ్లడం మేలు. అరచేతులు, అరికాళ్లు రాత్రిపూట విపరీతంగా దురద పెడుతుంటే అది లివరుకు సంబంధించిన కొలెస్టాసిస్ కావచ్చు, రక్తపరీక్ష అడగండి. నెలలు నిండకుండా కాన్పు వస్తుందేమోనని బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చాక రెండు మూడు రోజులు కదలికలు తగ్గవచ్చు. మత్తు కలిగించే మందులతోనూ అంతే. అలాంటప్పుడు కూడా చెప్పాలి. మందు వల్లే తగ్గిందా అన్నది తేల్చాల్సింది డాక్టరు.

స్కాన్‌లో ‘పేగు మెడకు చుట్టుకుంది’ అని విన్నవాళ్ల భయం వేరు. సుమారు నాలుగైదు కాన్పుల్లో ఒకదానిలో బొడ్డుతాడు మెడ చుట్టూ ఉంటుంది, అత్యధికులు క్షేమంగానే పుడతారు. ఆ మాట ఒక్కదానికే ఆపరేషన్ అక్కర్లేదు. అది ఉన్నా లేకున్నా కదలిక తగ్గితే చేయాల్సింది ఒకటే.

కదలిక పెరిగితే? రోజురోజుకూ బలంగా తన్నడం మంచి లక్షణమే. అయితే ఎన్నడూ లేనట్టు ఒక్కసారిగా, గిలగిల కొట్టుకున్నట్టు కదిలి, ఆ తర్వాత నిశ్శబ్దమైతే అదే రోజు చూపించుకోవాలి. మగబిడ్డ ఎక్కువ తంతాడు, ఆడపిల్ల తక్కువ అన్నదాన్ని నవ్వి వదిలేయండి.

ఆసుపత్రిలో ఏం చేస్తారు, ఏం అడగాలి

ఓపీ చీటీ వరసలో కూర్చోకండి. ‘34 వారాలు, పొద్దుట్నుంచి బిడ్డ కదలడం లేదు’ అని లేబర్ రూమ్ దగ్గరో, క్యాజువాలిటీలోనో చెప్పండి. ఎన్ని వారాలు, మామూలుగా ఎలా ఉండేది, చివరిసారి స్పష్టంగా ఎప్పుడు తెలిసింది, రక్తస్రావం, నీరు పోవడం, తలనొప్పి, కడుపునొప్పి ఉన్నాయా అన్నవి చెబితే చాలు.

బీపీ చూస్తారు, మూత్రంలో ప్రొటీన్ చూస్తారు, టేపుతో కడుపు ఎత్తు కొలుస్తారు, గుండె చప్పుడు వింటారు. తర్వాత ఎన్‌ఎస్‌టీ (నాన్ స్ట్రెస్ టెస్ట్). కడుపు మీద రెండు బెల్టులు కట్టి, ఒకదానితో బిడ్డ గుండె, రెండోదానితో గర్భసంచి బిగువు కాగితం మీదికి ఎక్కిస్తారు; కదిలినప్పుడల్లా నొక్కమని చేతికి ఒక బటన్ ఇస్తారు. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. 32 వారాలు దాటిన బిడ్డకు 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు, ఒక్కోసారి 15 సెకన్లపాటు, వేగం 15 మేర పెరిగితే ‘రియాక్టివ్’ అంటారు. రాకపోతే బిడ్డ నిద్రలో ఉందేమోనని 40 నిమిషాల దాకా కొనసాగిస్తారు. పది నిమిషాలకే కాగితం చించి ‘బాగుంది’ అంటే ‘ఇరవై నిమిషాలు పెట్టరా’ అని అడగడంలో తప్పు లేదు.

రియాక్టివ్ వచ్చిందంటే ఇప్పుడు ఆక్సిజన్ అందుతోందని. బిడ్డ ఎదుగుదల ఎలా ఉందో అది చెప్పదు. మాయ హఠాత్తుగా విడిపోవడాన్ని ముందే పట్టుకోలేదు. అందుకే కదలికలు ఇంకా తక్కువగానే ఉన్నా, పైన చెప్పిన ముప్పుల్లో ఏదైనా ఉన్నా స్కాన్ కావాలి. అందులో బరువు అంచనా, ఉమ్మనీరు చూస్తారు. గర్భసంచిని నాలుగు భాగాలుగా చూసి, ఒక్కోదానిలో నీటి లోతు కూడితే వచ్చే ఏఎఫ్‌ఐ (ఉమ్మనీటి కొలత) 5 సెంటీమీటర్ల కంటే తక్కువైతే నీరు తక్కువని లెక్క. బయోఫిజికల్ ప్రొఫైల్ అంటే ఊపిరి కదలిక, ఒంటి కదలిక, కండరాల బిగువు, నీరు, ఎన్‌ఎస్‌టీ ఐదింటికీ రెండేసి మార్కులు: 8, 10 వస్తే నిశ్చింత, 6 వస్తే మళ్లీ చూడాలి, 4 అంతకు తక్కువైతే సాధారణంగా కాన్పు గురించే ఆలోచిస్తారు. ఎదుగుదల తగ్గిన బిడ్డకు బొడ్డుతాడులో రక్తప్రవాహం చూసే డాప్లర్ చాలా కీలకం. గుండె రెండు కొట్టుకోవడాల నడుమ ప్రవాహం ఆగినా, వెనక్కి మళ్లినా అది అత్యవసరం.

పరీక్షల్లో తేడా ఉంటే వారాలను బట్టి నిర్ణయం మారుతుంది. 37 దాటితే నొప్పులు తెప్పించడమో, ఆపరేషనో తేలికగా తేల్చుకుంటారు. అంతకు ముందైతే లోపల ఉంచడంలో ముప్పెంత, బయటకు తేవడంలో ముప్పెంత అని బేరీజు వేయాలి. అప్పుడు నవజాత శిశువులకు ఐసీయూ ఉన్నచోటికి వెళ్లడమే మంచిది.

ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఎన్‌ఎస్‌టీ యంత్రం ఉండకపోవచ్చు. దగ్గర్లో రాత్రిపూట కూడా ఆ యంత్రం, స్కాన్ ఉన్న ఆసుపత్రి ఏదో ఆశా కార్యకర్తనో, ఏఎన్‌ఎంనో ముందే అడిగి రాసిపెట్టుకోండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే గర్భిణుల చెకప్ మామూలు పరీక్షలకు. కదలిక తగ్గితే దానికోసం ఆగకూడదు. బండి లేకపోతే 108. కాన్పుకని పుట్టింటికి వెళ్లినవాళ్లకు ఇంకో జాగ్రత్త: అక్కడి డాక్టరుకు మీ పాత లెక్కలేవీ తెలియవు. మాతా శిశు సంరక్షణ కార్డు, అన్ని స్కాన్ రిపోర్టులు వెంట ఉండాలి. వెళ్లిన వారంలోపే ఒకసారి చూపించుకుని పేరు నమోదు చేయించుకుంటే, అర్ధరాత్రి అవసరం పడినప్పుడు మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు మెటర్నిటీ ట్రయాజ్ (ఆసుపత్రిలో గర్భిణుల అత్యవసర విభాగం) ఫోన్ రాత్రీపగలూ పలుకుతుంది. ఇండియాలో అమ్మకు వీడియో కాల్ చేసేది ఆ తర్వాత.

అన్నీ బాగున్నాయని ఇంటికి పంపాక మూడు రోజులకు మళ్లీ తగ్గితే? ఇక్కడే చాలామంది మొహమాటపడి ఆగిపోతారు, ‘మొన్ననే కదా వచ్చావు’ అంటారేమోనని. వైద్యం దృష్టిలో రెండోసారి తగ్గడం మొదటిసారి కంటే బరువైన విషయం. ఎన్‌ఎస్‌టీతో సరిపెట్టకుండా ఎదుగుదల, నీరు చూసే స్కాన్ చేయాల్సిన సందర్భం. మొన్నటి ఎన్‌ఎస్‌టీ కాగితం పట్టుకెళ్లండి, మొదటి మాటగానే ‘ఇది రెండోసారి’ అని చెప్పండి.